రోజుకు రెండు డైపర్లు

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి, మావారు మా మందుల కొట్టు షట్టరు సగం దించి గల్లా లెక్క చూసుకుంటూ ఉండగా, ఒకామె చంటిబిడ్డతో వచ్చి, వంగి లోపలికి చూస్తూ, "అమ్మా, ప్యాంపరు ఒక్కటి ఇస్తారా?" అని అడిగింది. మా గుంటూరులో ఏ కంపెనీ డైపరునైనా ప్యాంపరనే అంటారు. ఒక్కటే ఎందుకు, అయిదింటి ప్యాకెట్టు తీసుకోకూడదా అన్నాను. తెల్లవారగానే ఆటో ఎక్కి బిడ్డను ఆసుపత్రిలో చూపించాలని, ఓపీ వరుసలో ఎంతసేపు కూర్చోవాలో తెలియదని, ఒడి తడిసిపోతే పక్కవాళ్ళు విసుక్కుంటారని, ఆ పూటకు ఒక్కటి చాలునని చెప్పింది. పది రూపాయల నోటూ రెండు రూపాయల బిళ్ళా ముందే కొంగున ముడివేసుకుని వచ్చింది. నేను డైపరు అందించబోతే చేయి చాపలేదు. "కవరులో వేసి ఇవ్వమ్మా, చేతులకు మిరప ఘాటుంది" అంది. అప్పుడు చూశాను, బిడ్డను కూడా అరచేత్తో పట్టుకోలేదు. తువ్వాలు చుట్టి మోచేతి మడతలో ఇముడ్చుకుని నిలబడింది.

ఆమె మిర్చి తొడిమలు తీసే కూలి. యార్డుకు సరుకు వచ్చే రోజుల్లో కోల్డ్ స్టోరేజీల దగ్గరా, గోదాముల దగ్గరా పట్టాలు పరుచుకుని వందలమంది ఆడవాళ్ళు చేసే పని అది. మిరపకాయలోని ఘాటు పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందువల్ల ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతులు మండుతూనే ఉంటాయి. ఇంటికి వెళ్ళాక కొబ్బరినూనె రాసుకుని, తుడిచి, మళ్ళీ కడుక్కుంటే గాని బిడ్డను తాకడానికి ధైర్యం రాదట. ఒకసారి ఆ తొందరలో అలాగే తడిగుడ్డ మార్చితే బిడ్డ తొడలు ఎర్రబారి, రాత్రంతా గుక్కపట్టి ఏడ్చిందట. అప్పటినుంచి ఆ పని ఎనిమిదేళ్ళ పెద్దకూతురిది. ఆ పిల్ల గుడ్డ ముడి వేస్తే నిలవదు, ప్యాంటులాంటి డైపరైతే ఎక్కించగలదు.

మా మందుల కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో డైపరు అనేది డబ్బున్నవాళ్ళు అడిగే వస్తువు నుంచి అందరూ అడిగే వస్తువుగా మారడం నా కళ్ళముందే జరిగింది. అయితే అడిగేవాళ్ళందరూ కొనలేరు. మేమూ, మా వీధిలో మరికొందరమూ కలిసి సంవత్సరంన్నరగా కొన్ని కుటుంబాలకు నెలనెలా డైపర్లు ఇస్తున్నాము. ఆ సంగతి తెలిసినవాళ్ళలో చాలామంది నన్ను అడిగే మాట ఒకటే: "బియ్యమూ మందులూ అయితే అర్థముంది, కూలిచేసుకునేవాళ్ళకు డైపర్లు ఎందుకండీ? మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" ఈ ప్రశ్నకు కొట్టులో నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నా వల్ల కాదు. అందుకే ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

ముందుగా లెక్క చెబుతాను. నెలల బిడ్డకు మూడు నాలుగు గంటలకొకటి మార్చినా రోజుకు ఆరు డైపర్లు కావాలి. పుట్టిన కొత్తలో ఎనిమిది, పది కూడా పడతాయి. చిన్న ప్యాకెట్టు విప్పి విడిగా కొంటే ఆనాటి ధర ఒక్కోటి 12 రూపాయలు. ఆరింటికి 72, నెలకు 2,160 రూపాయలు. ఆమెకు కూలి కిలోల లెక్కన గిట్టుబాటయ్యేది రోజుకు 350 రూపాయలు. పని దొరికే రోజులు నెలకు ఇరవై నాలుగనుకున్నా మొత్తం 8,400. అంటే రాబడిలో నాలుగో వంతుకు పైగా డైపర్లకే పోవాలి. అదే డెబ్భై రెండింటి పెద్ద ప్యాకెట్టు ఒక్కసారిగా తీసుకోగలిగినవాళ్ళకు ఒక్కోటి తొమ్మిది రూపాయలకే పడుతుంది, కాని దానికి 650 రూపాయలు ఒకేసారి చేతిలో ఉండాలి. రోజు కూలి మీద బతికేవాళ్ళ చేతిలో అంత సొమ్ము ఒకేసారి ఆగదు. అందువల్ల ఎక్కువ ఉన్నవాళ్ళు తక్కువ ధరకు, తక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ ధరకు అదే వస్తువును కొంటున్నారు. ఉప్పూ పప్పుల నుంచి షాంపూ ప్యాకెట్ల దాకా ఇదే తంతు అని తెలిసిన విషయమే అయినా, ప్రతి రాత్రీ గల్లాలో ఆ పన్నెండు రూపాయలు వేసుకునేది నేనే కాబట్టి నాకు అది వేరుగా తగులుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల న్యాప్‌కిన్ల మీదా డైపర్ల మీదా జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. సంతోషించవలసిన మార్పే. పన్నెండు రూపాయల డైపరు మీద తగ్గేది ముప్పావలా. శానిటరీ న్యాప్‌కిన్ల మీద 2018 జూలైలోనే పన్ను పూర్తిగా ఎత్తివేశారు. పసిపిల్లల వస్తువుకు ఆ మాత్రం దయ ఎందుకు చూపకూడదో నాకు తోచలేదు.

ఇక మా కాలం సంగతి. నా ఇద్దరు పిల్లలనూ పాత చీర గుడ్డలతోనే పెంచాను. మెత్తబడిన నూలు చీరను చింపి, నాలుగు మడతలు వేసి, కింద రబ్బరు షీటు పరిచి పడుకోబెడితే ఆ సుఖం ఏ డైపరూ ఇవ్వదని ఇప్పటికీ నమ్ముతాను. అయితే ఆ గుడ్డల వెనుక ఏమేమి ఉండేవో కూడా గుర్తు తెచ్చుకోవాలి. మా పుట్టింటి పెరట్లో బావి ఉండేది. బావి పక్కన బండ, ఆ పైన రెండు కొబ్బరిచెట్ల మధ్య దండెం ఉండేవి. వాటన్నిటికీ మించి, పురుడు పోసుకున్న కూతురిని చల్లటి నీళ్ళు ముట్టనివ్వకుండా నెలల తరబడి ఆ గుడ్డలన్నీ తానే ఉతికి ఆరేసిన మా అమ్మ ఉండేది. మా కాలంలో డైపర్లు లేవన్నది నిజమే, కాని డైపరు చేసే పనంతా ఒక మనిషి చేసేది. ఆమెకు కూలి ఇవ్వలేదు కాబట్టి అది ఖర్చుగా కనబడలేదు.

ఈ మిర్చి కూలి ఇంటికి ఒకసారి వెళ్ళాను. ఒకటే గది, వంటా పడకా అందులోనే. కుళాయి వీధిలో ఉంది. రోజుకు గంట, కొన్ని రోజులు అదీ లేదు. బిందెలు వరుసలో పెట్టి తెచ్చుకునే నీటిలో తాగడానికీ వండడానికీ పోగా మిగిలినది గుడ్డలకు. దండెం గది లోపలే గోడ నుంచి గోడకు కట్టి ఉంది. వాన పడుతున్న ఆ మధ్యాహ్నం దాని మీద పదకొండు గుడ్డలు వేలాడుతున్నాయి, ఒక్కటీ ఆరలేదు. ఆ తడి వాసన పీలుస్తూనే నలుగురు మనుషులు నిద్రపోవాలి. 2018 మార్చిలో ఆనందపేట చుట్టుపక్కల కలుషిత నీటితో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయిన రోజులు గుంటూరువాళ్ళం మరిచిపోలేము. మలం అంటిన గుడ్డలను నలుగురూ నీళ్ళు పట్టుకునే కుళాయి దగ్గర జాడించవలసి రావడం ఎంత ప్రమాదమో ఆ తల్లులకు ఒకరు చెప్పనవసరం లేదు. వేరే చోటు లేక జాడిస్తారు.

డైపరు ఖరీదు భరించలేని తల్లి గుడ్డలకు మరలుతుందని అందరమూ అనుకుంటాము. కొట్టులో నేను చూసినది వేరు. రెండింటి మధ్యా నలుగుతుంది. ఉన్న ఒక్క డైపరును మార్చకుండా పది పన్నెండు గంటలు ఉంచుతుంది. లేదా మలం దులిపేసి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ తొడుగుతుంది. డైపరులో తడిని పట్టి ఉంచే పలుకులు ఒక్కసారి మూత్రం పీల్చుకుని జిగురుగా మారాక, ఆరినట్టు పైకి కనిపించినా అందులోని లవణాలు అందులోనే ఉంటాయి, మలం అంటిన చోట క్రిములు పోవు. అటువంటి డైపరు తొడిగిన బిడ్డకు ఒరుపులు రావడానికి ఒక రాత్రి చాలు. మొదట ఎర్రగా కందుతుంది, తరువాత గజ్జల మడతల్లో చర్మం చిట్లి ఫంగస్ చేరుతుంది. అప్పుడు వాళ్ళు మా కొట్టుకే వచ్చి పౌడరు అడుగుతారు. పౌడరు తడిసి మడతల్లో ఉండకట్టి ఇంకా ఒరుస్తుంది కాబట్టి వద్దని, జింక్ ఆక్సైడ్ ఉన్న లేపనం పలుచగా రాసి, రోజులో కాసేపు బిడ్డను ఏమీ తొడగకుండా ఆరుబయట గాలికి ఉంచమని చెబుతాను. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరకు పంపిస్తాను. కాని మార్చడానికి రెండో డైపరు లేని తల్లికి లేపనం అమ్మడమంటే ఇల్లు కురుస్తుంటే గిన్నె పెట్టడమే.

ఇది మన ఊరి పేదరికంలో పుట్టిన కొత్త కష్టం కాదు. అమెరికాలో న్యూహేవెన్ నగరంలో సామాజిక కార్యకర్తగా పనిచేసిన జోవాన్ గోల్డ్‌బ్లమ్ కూడా, తల్లులు వాడిన డైపరును దులిపి మళ్ళీ తొడగడం కళ్ళారా చూసే 2004లో అక్కడ డైపర్లు సేకరించి లేనివాళ్ళకు ఇచ్చే డైపర్ల బ్యాంకు మొదలుపెట్టింది. 2011లో ఆ దేశమంతటి డైపరు బ్యాంకులకు కలిపి ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. న్యూహేవెన్ కంటే పదేళ్ళ ముందే, 1994లో, అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో ఇటువంటి సేకరణ మొదలయింది. 2013లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన న్యూహేవెన్ అధ్యయనంలో దాదాపు 30 శాతం తల్లులు తమ బిడ్డకు చాలినన్ని డైపర్లు సమకూర్చలేకపోతున్నామని చెప్పారు. అక్కడి ప్రభుత్వం పేదలకు ఆహారం కొనుక్కోవడానికి ఇచ్చే సహాయంతో డైపర్లు కొనడానికి వీలులేదు. డైపర్లు తెచ్చి ఇస్తే గాని పిల్లల సంరక్షణ కేంద్రాలు చాలాచోట్ల బిడ్డను చేర్చుకోవు, బిడ్డను చేర్చకపోతే తల్లి పనికి వెళ్ళలేదు. అంత సంపన్న దేశంలోనూ ఆ ముడి అలాగే ఉంది.

మనకు అంగన్‌వాడీ ఉంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు బాలామృతం ఇస్తారు, తూకం చూస్తారు, టీకాలు గుర్తుచేస్తారు. ఆ కార్యకర్తలు చేసే సేవ మీద నాకు ఎంతో గౌరవం. కాని బిడ్డ కడుపులోకి వెళ్ళేదాని గురించి ఉన్న ఏర్పాటు, బయటికి వచ్చేదాని గురించి లేదు. అది తల్లి సొంత విషయమని, సిగ్గు విషయమని వదిలేసినట్టుంది.

ఈ పనికి మాకు దారి చూపినది 2024 వరద. ఆగస్టు నెలాఖరున బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు ఇళ్ళు నీట మునిగినప్పుడు గుంటూరు నుంచి కూడా పులిహోర పొట్లాలూ, నీళ్ళ సీసాలూ, పాల ప్యాకెట్లూ కట్టుకుని వెళ్ళాము. సింగ్‌నగర్ వైపు నడుములోతు నీటిలో ఒక ట్రాక్టరు మీద వెళ్తుంటే, ఒక మేడ మొదటి అంతస్తు నుంచి ఒక అమ్మాయి తాడు కట్టిన బకెట్టు కిందికి వదిలింది. మేము పొట్లాలు వేయబోతే, "అన్నం వచ్చిందండీ, పాలూ వచ్చాయి. ప్యాంపర్లు ఉంటే రెండు వేయండి, మూడు రోజుల నుంచి ఒక్క గుడ్డా ఆరలేదు" అంది. మా దగ్గర లేవు. మందుల కొట్టు నడుపుతున్న మనిషిని, అరలనిండా డైపర్లున్న మనిషిని, ఒక్కటీ వెంట తీసుకువెళ్ళలేదు. చుట్టూ మురుగునీరు, పైన వాన, కరెంటు లేదు. అటువంటి చోట గుడ్డ ఎలా ఉతకాలి, ఎక్కడ ఆరేయాలి? మర్నాడు మూడు అట్టపెట్టెలు వేసుకుని వెళ్ళాము. అప్పుడు మరో పొరపాటు చేశాము: తొందరలో అన్నీ చిన్న సైజే సర్దాము. ఏడాది దాటిన పిల్లల తల్లులు వాటిని చేతిలోకి తీసుకుని, పొట్ట దగ్గర పట్టవని చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చారు.

అందుకని ఈ పనికి పూనుకున్నప్పుడు మొదట కొన్నది డైపర్లు కాదు, ఒక పొడుగు నోటుపుస్తకం. బిడ్డ నెలలు, బరువు, సైజు, తల్లి పని వేళలు అందులో రాస్తాము. పుట్టినప్పటి సైజు, అంటే ఎన్.బి., అయిదు కిలోల దాకా వస్తుంది; ఆ తరువాత ఎస్, ఎం, ఎల్. బిడ్డ ఎప్పుడు ఎదుగుతుందో నెల ముందే ఊహించి తెప్పించాలి. దాతలకు మాత్రం పురిటిబిడ్డ అంటేనే మనసు కరుగుతుంది కాబట్టి, వచ్చే విరాళాలన్నీ చిన్న సైజులే. అవి రెండు నెలలకే చాలనివి అవుతాయి, ఆపైన ఏడాదిన్నర పాటు కావలసినవి ఎం, ఎల్ సైజులు.

ఎన్ని ఇవ్వాలన్నది మేము చాలా చర్చించిన విషయం. రోజుకు ఆరు చొప్పున ఇస్తే నలుగురైదుగురు పిల్లలకు మించి ఇవ్వలేము. తల్లులనే అడిగాము. వాళ్ళు చెప్పినది విన్నాక మాకు దారి సులువయింది. రాత్రికి ఒకటి ఉంటే బిడ్డ తడికి లేవదు, తల్లి నిద్రపోతుంది, తెల్లవారి పనికి వెళ్ళగలుగుతుంది. పనిలో ఉన్న పూట ఒకటి ఉంటే, లేదా ఆసుపత్రికో ఊరికో ప్రయాణమైనప్పుడు ఒకటి ఉంటే చాలు. మిగతా వేళల్లో గుడ్డ వాడుకుంటాము, ఎండాకాలంలో అయితే అరగంటలో ఆరిపోతుంది కదా అన్నారు. కాబట్టి రోజుకు రెండు, నెలకు అరవై. వాటితో పాటు నూలుగుడ్డతో కుట్టించిన పన్నెండు న్యాపీలు, బిడ్డకు ఒకసారి. మా కొట్టు ఎదుట దర్జీ పాత నూలు దుప్పట్లను రెండు పొరలుగా కుట్టి, నాడాలు పెట్టి, కుట్టుకూలి తీసుకోకుండా ఇస్తున్నాడు. జూలై నుంచి అక్టోబరు వరకు వానల్లో మాత్రం అరవైని తొంభై చేస్తాము. స్టాకిస్టు దగ్గర మాకు పడే ధరకే లెక్క కట్టుకుంటాము. ఒక బిడ్డకు నెలకు సుమారు 540 రూపాయలు. ప్రస్తుతం పద్నాలుగు మంది పిల్లలు ఉన్నారు.

ప్రతి నెలా ఇవ్వడం ముఖ్యం, ఒకే తేదీన ఇవ్వడం ఇంకా ముఖ్యం. ఐదో తేదీకి వస్తాయని తెలిసిన తల్లి నాలుగో తేదీ రాత్రి చివరి డైపరును నిశ్చింతగా మార్చేస్తుంది. మళ్ళీ వస్తాయో రావో తెలియని తల్లి దాన్ని రెండు రోజులు ఉంచుతుంది. పండుగకో పుట్టినరోజుకో వచ్చి ఒక్కొక్కరికి పెద్ద ప్యాకెట్టు ఇచ్చి, ఫోటో తీసుకుని వెళ్ళేవాళ్ళ మంచి మనసును నేను తక్కువ చేయను, కాని ఆ ప్యాకెట్టు అయిపోయిన మర్నాటి సంగతి ఎవరో ఒకరు చూడాలి. ఫోటోలు మేము తీయనివ్వము. ఒకసారి ఒక బృందంవారు పది పెట్టెలు ఇస్తామని, తల్లులనూ పిల్లలనూ వరుసగా నిలబెట్టాలని కోరితే వద్దన్నాము. ఆ నెల మా కొరతను మా కొట్టు నుంచే పూడ్చుకున్నాము.

డైపర్లతో వచ్చే చెత్త గురించి అడిగేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. మా వీధి చివరి మురుగుకాలువలో ఉబ్బిన డైపర్లు అడ్డం పడి నీరు వెనక్కి తన్నడం చూస్తూనే ఉన్నాము. విజయవాడ కాలువ గట్ల మీదా అదే దృశ్యం. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, వాడిన వాటిని చుట్టి పారవేయడానికి ప్యాకెట్టుతో పాటే సంచి ఇవ్వాలని తయారీదారులకు చెప్పాయి. మా కొట్టుకు వచ్చే సరుకులో అది కనిపించడం అరుదు. మేము అరవై డైపర్లతో పాటు పాత వార్తాపత్రికల కట్ట ఒకటి ఇస్తున్నాము. మలాన్ని మరుగుదొడ్డిలో దులిపి, డైపరును బిగుతుగా చుట్టి, కాగితంలో పొట్లం కట్టి, చెత్తబండికి విడిగా అందించమని చూపిస్తాము. ఎనిమిదేళ్ళ ఆ పెద్దకూతురు ఇప్పుడు మందుల పొట్లం కన్నా చక్కగా కడుతుంది. రోజుకు రెండే ఇవ్వడానికి ఈ చెత్త కూడా ఒక కారణం. అయినా ఒక్క మాట చెప్పాలి. ఉన్నవాళ్ళ ఇళ్ళలో రోజుకు ఆరేడు డైపర్లు చెత్తబుట్టలో పడుతుంటే ఎవరూ కాలువ గురించి ప్రశ్నించరు. కూలిచేసుకునే తల్లికి రెండు ఇవ్వబోయినప్పుడే పర్యావరణం గుర్తుకు రావడం నాకు బాధ కలిగిస్తుంది.

సహాయం చేయాలనుకునేవారికి మా అనుభవం నుంచి చెప్పగలిగింది కొంత ఉంది. మీ బిడ్డకు పట్టక మిగిలిపోయిన డైపర్లు, ప్యాకెట్టు విప్పినవైనా సరే, తడి తగలకుండా ఉంటే పనికివస్తాయి. వాటిని పారవేయకుండా మీ పనిమనిషినో, వాచ్‌మన్ భార్యనో, వీధి చివర ఇస్త్రీబండి ఆమెనో అడిగి చూడండి. అడిగేటప్పుడు బిడ్డ బరువు అడగండి. డబ్బు ఇవ్వదలిస్తే ఒక్కసారి అయిదు వేలు ఇచ్చేకంటే, నెలకు అయిదు వందల నలభై చొప్పున ఒక బిడ్డకు ఏడాదిన్నర ఇవ్వండి. మెత్తటి నూలు చీరలూ దుప్పట్లూ ఉంటే ఉతికి ఇవ్వండి. పాలిస్టరు కలిసినవి వద్దు, తడి పీల్చవు, ఒరుస్తాయి.

మిర్చి కూలి బిడ్డకు ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. పోయిన ఐదో తేదీన ఆమె కొట్టుకు వచ్చి, అరవైలో ముప్పై చాలునని చెప్పింది. పగలు గోదాము వెనుక గోడ దగ్గరకు తీసుకువెళ్తే పిల్ల చెప్పి కూర్చుంటోందట, రాత్రికి మాత్రమే కావాలట. మిగిలిన ముప్పైనీ తన పక్కన కూర్చుని తొడిమలు తీసే అమ్మాయికి రాయమంది. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. నోటుపుస్తకంలో కొత్త గీత గీసి, బరువు దగ్గర ఖాళీ ఉంచి, సైజు దగ్గర ఎన్.బి. అని రాసుకున్నాను.